టీ షర్టు మీది తెల్ల గీతలు

నల్ల టీ షర్టు. దాని మీద ఒకదాని కింద ఒకటిగా తెల్లని గీతలు. చివరల్లో చదునుగా ఉండి, మధ్యలో కొండల వరుసలా లేస్తాయి. పెద్ద నగరాల బజార్లలో, ఆన్‌లైన్ దుకాణాల్లో ఈ బొమ్మ మీరు చూసే ఉంటారు. మీలో కొందరి దగ్గర ఆ చొక్కా ఉండి ఉంటుంది కూడా. అదేమిటని అడిగితే ఒకరు హిమాలయాలంటారు, ఇంకొకరు ఇసిజి కాగితం అంటారు. నిజానికి అది ఒక నక్షత్రం నుంచి వచ్చిన సంకేతం. 1979లో ఇంగ్లండులో వెలువడిన ఒక పాటల రికార్డు అట్ట మీద దాన్ని వేశారు. ఆ రికార్డు పేరు ‘అన్‌నోన్ ప్లెషర్స్’. చేసినవారు మాంచెస్టర్ ప్రాంతపు నలుగురు కుర్రాళ్లు. వారి బృందం పేరు జాయ్ డివిజన్.

సంగీతం పెద్దగా నేర్చుకోనివాళ్లు, పాతబడి కూలుతున్న ఊళ్లలో, తక్కువ ఖరీదు వాయిద్యాలతో ఒక కొత్త సంగీతాన్ని ఎలా తయారు చేశారు, అందులోకి యంత్రాలు ఎలా వచ్చి చేరాయి అన్నది ఈ వ్యాసం విషయం. దానికి ముందు ఆ గీతల సంగతి చూద్దాం.

1967లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో జోసిలిన్ బెల్ అనే పరిశోధక విద్యార్థిని ఉండేవారు. నాలుగున్నర ఎకరాల పొలంలో గుంజలు పాతి, తీగలు కట్టి, ఆమె తోటివారితో కలిసి ఒక రేడియో టెలిస్కోపు నిర్మించారు. ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను అది కాగితం చుట్ట మీద గీతగా గీసేది. రోజుకు దాదాపు 30 మీటర్ల కాగితం! అదంతా ఆమె కంటితోనే పరిశీలించేవారు. ఒకచోట చిన్న గీకుడులాంటి గుర్తు కనిపించింది. మరొకరైతే వదిలేసేవారేమో. ఆమె వదల్లేదు. కాగితాన్ని వేగంగా నడిపి మళ్లీ చూస్తే, సుమారు 1.33 సెకన్లకు ఒకసారి, గడియారం తప్పినా తప్పనంత కచ్చితంగా, ఒక స్పందన వస్తోంది. వేరే లోకంవాళ్లు పంపుతున్నారేమోనని సరదాగా దానికి ‘చిన్న ఆకుపచ్చ మనుషులు’ అని పేరు కూడా పెట్టుకున్నారు. చివరికి తేలిందేమిటంటే అది గిరగిరా తిరిగే న్యూట్రాన్ నక్షత్రం. మనిషి కనుగొన్న మొదటి పల్సార్. 1974లో ఈ పనికి నోబెల్ బహుమతి ఆమె గురువు ఆంటొనీ హ్యూయిష్‌కు వచ్చింది, ఆమెకు రాలేదు. 2018లో ఆమెకు మరో పెద్ద బహుమతి కింద 30 లక్షల డాలర్లు వస్తే, అదంతా భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థుల ఉపకారవేతనాలకు ఇచ్చేశారు.

అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన హెరాల్డ్ క్రాఫ్ట్ 1970లో తన పరిశోధన గ్రంథం కోసం అదే పల్సార్ నుంచి వచ్చిన 80 వరుస స్పందనలను ఒకదాని కింద ఒకటి వచ్చేలా కంప్యూటరుతో గీయించారు. ఆ చిత్రం తర్వాత ఒక ఖగోళ విజ్ఞాన సర్వస్వంలో అచ్చయింది. బృందంలో గిటార్ వాయించే బెర్నార్డ్ సమ్నర్ కంటపడింది. తెల్ల కాగితం మీద నల్ల గీతలుగా ఉన్నదాన్ని రూపకర్త పీటర్ సావిల్ తిరగేసి, నలుపు మీద తెలుపు చేశారు. అట్ట ముందువైపు బృందం పేరు లేదు, రికార్డు పేరూ లేదు. అప్పట్లో అలా చేసేవారు తక్కువ. ఈ సంగతి క్రాఫ్ట్‌ను ఎవరూ అడగనూ లేదు, ఆయనకు చెప్పనూ లేదు.

ఇక ఊరి సంగతి. మాంచెస్టర్ పేరు మనకు చరిత్ర పాఠంలో తగులుతుంది. మన నేతగాళ్ల మగ్గాలను మూలకు నెట్టిన మిల్లు బట్ట అక్కడిదే. స్వదేశీ ఉద్యమంలో వీధుల్లో తగలబెట్టిన విదేశీ వస్త్రమూ ఎక్కువగా ఆ చుట్టుపక్కలదే. కానీ 1970లు వచ్చేసరికి ఆ మిల్లులే మూతపడ్డాయి. ఇటుక గోడలు మసిబారి నిలబడ్డాయి, లోపల పని లేదు. పాత కార్మికుల వీధులను కూల్చి కాంక్రీటు అపార్టుమెంట్లు కట్టారు. సమ్నర్ పెరిగింది పక్కనే ఉన్న సాల్ఫర్డ్‌లో. తన చిన్ననాటి వీధులు కళ్లముందే మాయమయ్యాయని ఆయన తర్వాత చెప్పుకున్నారు. పాట వినేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. ఆ సంగీతంలో వినిపించే ఖాళీతనం ఊహించి పెట్టింది కాదు.

1976 జూన్ 4న మాంచెస్టర్‌లోని ఒక చిన్న హాలులో లండన్ నుంచి వచ్చిన ఒక పంక్ బృందం కచేరీ చేసింది. జాన్ లైడన్ అనే యువకుడు దాని గాయకుడు. వచ్చినవాళ్లు కొద్దిమందే. పంక్ అంటే మూడు నాలుగు స్వరాల కూర్పులు, పెద్ద చప్పుడు, చాలా కోపం. అంతకుముందు రాక్ సంగీతమంటే ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లు, లారీల కొద్దీ సామానుతో చేసే వ్యవహారం. ఈ బృందం వాయించింది చూసినవాళ్లకు తట్టింది ఒకటే: ఇలాగైతే మేమూ చేయగలం. ఆ హాలులో ఉన్న సమ్నర్, అతని బడి స్నేహితుడు పీటర్ హుక్ బృందం పెట్టాలని అప్పుడే నిర్ణయించుకున్నారు. హుక్ మర్నాడే బేస్ గిటార్ కొన్నాడు. అంతకుముందు అతనికి అది వాయించడం రాదు.

పంక్‌లో ఒక ఇబ్బంది ఉంది. కోపం ఒక్కటే ఎంతకాలం పాడతారు? రెండేళ్లకే అది అరిగిపోయింది. “ఎవరైనా వాయించవచ్చు” అనే ధైర్యాన్ని మాత్రం ఉంచుకుని, దానితో ఇంకేం చేయవచ్చో వెతికినవాళ్ల సంగీతాన్ని తర్వాత పోస్ట్-పంక్ అన్నారు. పంక్ తర్వాతది అని అర్థం, అంతే. అందుకే ఈ పేరు కింద వచ్చే రికార్డులు ఒకదానిలా ఒకటి ఉండవు. 1979 ఒక్క ఏడాదిలోనే ఎన్ని వచ్చాయో చూడండి. లీడ్స్ నగరపు గ్యాంగ్ ఆఫ్ ఫోర్ ‘ఎంటర్‌టైన్‌మెంట్!’ తెచ్చింది. అందులో గిటార్ రాగం తీయదు, కత్తిలా కోస్తుంది. ‘ది స్లిట్స్’ అనే అమ్మాయిల బృందం ‘కట్’ తెచ్చింది. లైడన్ తన పాత బృందాన్ని వదిలి కొత్తది పెట్టి ‘మెటల్ బాక్స్’ చేశాడు. మూడు రికార్డులను సినిమా రీళ్లు పెట్టే రేకు డబ్బాలో పెట్టి అమ్మారు. డబ్బాలోంచి వాటిని తీయడమే ఒక పని అని కొన్నవాళ్లు విసుక్కున్నారట!

ఈ చివరి రెండింటి వెనుక జమైకా ఉంది. బ్రిటన్‌కు వలస వచ్చిన జమైకన్లు తమతోపాటు డబ్ సంగీతాన్ని తెచ్చారు. రికార్డయిన పాటను తీసుకుని, గొంతును తగ్గించి, డ్రమ్స్‌నూ బేస్‌నూ ముందుకు తెచ్చి, ప్రతిధ్వని కలిపి, దాన్ని మరో పాటగా మార్చేయడమే డబ్. ఈ పనిలో పేరు మోసిన కింగ్ టబ్బీ కింగ్‌స్టన్‌లో రేడియోలు, యాంప్లిఫైయర్లు బాగుచేసే మెకానిక్. అంటే స్టూడియో కూడా ఒక వాయిద్యమే, మీటలు తిప్పే మనిషి కూడా సంగీతకారుడే అన్నమాట. ఈ ఆలోచన బ్రిటిష్ కుర్రాళ్లకు బాగా పట్టుకుంది.

అలాంటి మనిషే మార్టిన్ హానెట్. 1979 ఏప్రిల్‌లో స్టాక్‌పోర్ట్‌లోని స్ట్రాబెరీ స్టూడియోలో ‘అన్‌నోన్ ప్లెషర్స్’ను రికార్డు చేసింది ఆయనే. అప్పటికే ఆయన రసాయనశాస్త్రం చదివినవాడు, శబ్దాల పిచ్చివాడు. కొత్తగా వచ్చిన డిజిటల్ డిలే అనే యంత్రం ఆయన చేతిలో ఉంది. మన తొమ్మిదో తరగతి పాఠం గుర్తు తెచ్చుకోండి. ప్రతిధ్వని విడిగా వినిపించాలంటే రెండు శబ్దాల మధ్య కనీసం 0.1 సెకను తేడా ఉండాలి. అందుకు గోడ సుమారు 17 మీటర్ల దూరంలో ఉండాలి. అంతకన్నా తక్కువ తేడా అయితే మన చెవి దాన్ని రెండో శబ్దంగా వినదు, గది ఎంత పెద్దదో, గోడలు ఎలాంటివో గ్రహిస్తుంది. హానెట్ యంత్రం ఒక్క డ్రమ్ దెబ్బను సెకనులో వెయ్యో వంతుల లెక్కన ఆలస్యం చేసి తిరిగి వినిపించేది. ఫలితంగా, లోకంలో ఎక్కడా లేని ఒక గదిలో నిలబడి వింటున్నట్టు ఉంటుంది.

ఆయన పట్టుదల అంతా ఇంతా కాదు. ఒక డ్రమ్ శబ్దం ఇంకో మైకులో పడకూడదని, డ్రమ్స్‌ను ఒక్కొక్కటిగా విడివిడిగా వాయించమని స్టీఫెన్ మోరిస్‌ను సతాయించారు. ఒక పాట మొదట్లో స్టూడియో లిఫ్టు చప్పుడు పెట్టారు. చివరి పాటలో గాజు పగిలే చప్పుడు వినిపిస్తుంది. హుక్ బేస్ కూడా మామూలుగా ఉండదు. బేస్ అంటే కింద నిలబడి ఆధారమిచ్చే వాయిద్యం కదా. కానీ హుక్ దగ్గర ఉన్న చవక స్పీకరులో మంద్ర స్వరాలు సరిగ్గా వినపడేవి కావు. పక్కన సమ్నర్ గిటార్ హోరు. తన వాయింపు తనకు వినపడడానికి అతను పై స్వరాల్లో వాయించడం మొదలుపెట్టాడు. అదే బృందం గుర్తింపు అయింది. డబ్బు లేకపోవడం వల్ల వచ్చిన శైలి అది!

తమాషా ఏమిటంటే, రికార్డు విన్నాక హుక్‌కూ సమ్నర్‌కూ అస్సలు నచ్చలేదు. తాము వేదిక మీద వాయించే హోరంతా హానెట్ తీసేశాడని వాళ్ల బాధ. నా మటుకు హానెట్‌దే ఒప్పు. ఆ హోరు ఆ ఏడాది వంద బృందాల దగ్గర ఉంది, ఈ ఖాళీ ఎవరి దగ్గరా లేదు. మాంచెస్టర్‌లోనే టోనీ విల్సన్ అనే టీవీ విలేకరి, మిత్రులతో కలిసి నడిపిన ఫ్యాక్టరీ రికార్డ్స్ అనే చిన్న సంస్థ మొదట 10,000 కాపీలు వేసింది. అవి అమ్ముడుపోవడానికి సమయం పట్టింది.

గాయకుడు, పాటల రచయిత ఇయాన్ కర్టిస్ గురించి చెప్పకుండా ఈ రికార్డు అర్థం కాదు. మాక్లస్‌ఫీల్డ్ ఉపాధి కార్యాలయంలో ఉద్యోగి. వైకల్యం ఉన్నవారికి పని చూపించడం ఆయన పని. అక్కడికి వచ్చే ఒక అమ్మాయికి మూర్ఛ వ్యాధి ఉండేది. ఆమె మరణించిందని తెలిసిన తర్వాత ఆయన రాసిన పాట ‘షీజ్ లాస్ట్ కంట్రోల్’. కొద్ది కాలానికే, 1979 మొదట్లో, ఆయనకు కూడా అదే వ్యాధి అని వైద్యులు తేల్చారు. వేదిక మీద ఆయన చేతులు విదిలిస్తూ చేసే నృత్యం మూర్ఛను తలపించేది. కొన్నిసార్లు నిజంగానే మూర్ఛ వచ్చేది. ప్రేక్షకులు అదీ నృత్యమే అనుకుని చప్పట్లు కొట్టేవారు. నిద్ర లేని ప్రయాణాలు, మెరిసే దీపాలు, అప్పటి బలమైన మందులు, ఇంట్లో కలతలు అన్నీ కలిసి ఆయన్ను కుంగదీశాయి. 1980 మే 18న, అమెరికా పర్యటనకు బయలుదేరాల్సిన ముందు రోజు, 23 ఏళ్ల వయసులో ఆయన తన ప్రాణం తానే తీసుకున్నారు. రెండో రికార్డు ‘క్లోజర్’ రెండు నెలల తర్వాత విడుదలైంది.

ఆ రికార్డులోని మాటలు ఇప్పుడు వింటే సాయం కోసం పిలుస్తున్నట్టే ఉంటాయి. కానీ స్టూడియోలో పక్కనే ఉన్న మిత్రులు వాటిని పాట మాటలుగానే విన్నారు. తామంతా కుర్రాళ్లమని, అవి అతని గురించేనని అప్పుడు తట్టలేదని వాళ్లు తర్వాత ఎన్నోసార్లు చెప్పారు. బాధపడితేనే గొప్ప కళ వస్తుందని ఈ కథను చెప్పేవాళ్లు ఉన్నారు. అది అబద్ధం.  మూర్ఛ వ్యాధికి నేడు మంచి చికిత్స ఉంది. చాలామంది మందులతో మామూలుగా జీవిస్తున్నారు. మనసు బాగాలేనప్పుడు ఇంట్లోనో, బడిలో కౌన్సిలరుతోనో మాట్లాడవచ్చు. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు తెలుగులోనూ ఫోన్ చేయవచ్చు. స్నేహితుడు పదే పదే చీకటి మాటలు రాస్తుంటే, బాగా రాశావని మెచ్చుకుని ఊరుకోకుండా, ఎలా ఉన్నావురా అని అడగవచ్చు.

మిగిలిన ముగ్గురూ ఏం చేయాలి? పాత పేరుతో పాడకూడదని ముందే అనుకున్న మాట ప్రకారం పేరు మార్చుకున్నారు. కొత్త పేరు న్యూ ఆర్డర్. మోరిస్ స్నేహితురాలు గిలియన్ గిల్బర్ట్ కీబోర్డు వాయించడానికి చేరారు. సమ్నర్ తప్పనిసరై గొంతు విప్పాడు. పాడుతూ గిటార్ వాయించడం అతనికి కష్టంగా ఉండేది. కొన్ని భాగాలను యంత్రాలకు అప్పగించడానికి అదీ ఒక కారణం.

ఆ యంత్రాలేమిటో కొంచెం చూద్దాం. మన కచేరీల్లో ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె ఉంటుంది కదా. లోపల ఒక సర్క్యూట్ నిర్ణీత పౌనఃపున్యంతో కంపిస్తుంది, స్పీకరు దాన్ని శబ్దం చేస్తుంది. సింథసైజర్ మూలం కూడా అదే. ఆ కంపనం ఆకారాన్ని, అంటే గుండ్రటి అల, రంపపు పళ్లలాంటి అల, చతురస్రపు అల, వీటిలో ఒకదాన్ని ఎంచుకుంటాం. తర్వాత ఫిల్టరు అనే జల్లెడతో పై స్వరాంశాలను కొన్నింటిని తీసేస్తాం. ఆ తర్వాత శబ్దం ఎంత త్వరగా లేవాలి, ఎంతసేపు నిలవాలి, ఎలా ఆగాలి అనేది నిర్ణయిస్తాం. వీణ మీటగానే లేచి మెల్లగా తగ్గుతుంది, వేణువు ఊదినంతసేపూ నిలుస్తుంది. ఈ తేడానే యంత్రంలో మీటలతో తెస్తారు. సీక్వెన్సర్ అనేది ఏ స్వరం ఎప్పుడు పలకాలో గుర్తుపెట్టుకుని వరుసగా పలికించే పరికరం. డ్రమ్ మెషీన్ తాళం వేస్తుంది. ఎన్ని గంటలైనా లయ తప్పదు, అలసిపోదు.

ఈ దారి మొదట వేసింది జర్మనీలోని క్రాఫ్ట్‌వెర్క్ బృందం. బ్రిటన్‌లో వాళ్లను విన్న కుర్రాళ్లు, సింథసైజర్ల ధరలు తగ్గగానే పట్టుకున్నారు. 1979లోనే గ్యారీ న్యూమన్ ‘ది ప్లెషర్ ప్రిన్సిపుల్’లో గిటార్ అనేదే లేకుండా చేశాడు. ఉక్కు నగరం షెఫీల్డ్‌లో హ్యూమన్ లీగ్ బృందం రెండుగా చీలిపోతే, గాయకుడు ఫిల్ ఓకీ ఒక క్లబ్బులో నృత్యం చేస్తున్న ఇద్దరు బడి పిల్లలను చేర్చుకుని, 1981లో ‘డేర్’ తెచ్చాడు. అంతకుముందు వాళ్లు ఎక్కడా పాడలేదు. ఆ రికార్డు దేశమంతా మారుమోగింది. బాసిల్డన్ నుంచి డెపెష్ మోడ్, లివర్‌పూల్ వైపు నుంచి ఓఎండీ అదే ఏడాది తమ రికార్డులు తెచ్చాయి. యంత్రాలు తమ పొట్ట కొడతాయని వాద్యకారులు భయపడ్డారు. 1982లో సంగీతకారుల యూనియన్ లండన్ శాఖ ఒకటి సింథసైజర్ల మీద నిషేధం కోరుతూ తీర్మానం కూడా చేసింది. ఈ రోజు కృత్రిమ మేధ గురించి వింటున్న మాటలే అప్పుడూ వినిపించాయి. ఆ భయం పూర్తిగా తప్పని నేననను. పాటకు నలభైమంది వయొలిన్లు వాయించే రోజులు నిజంగానే తగ్గిపోయాయి.

మన దేశం దీనికి దూరంగా లేదు. అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థలో 1969లోనే ఒక మూగ్ సింథసైజర్‌తో స్టూడియో వెలిసింది. ఆనాటి టేపులు బ్రిటిష్ కళాకారుడు పాల్ పర్గాస్ కృషితో 2023లో వెలుగు చూశాయి. హిందీ సినిమా పాటలకు వాయించే చరణ్‌జీత్ సింగ్ 1982లో జపాన్ యంత్రాలతో పది రాగాలను డిస్కో తాళంలో రికార్డు చేశారు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలైతే ప్రపంచం ఆశ్చర్యపోయింది. అవే యంత్రాలతో షికాగో కుర్రాళ్లు అలాంటి సంగీతం చేసింది ఆయన తర్వాత కొన్నేళ్లకు.

న్యూ ఆర్డర్‌కు డబ్బు తక్కువ. అందుకే సమ్నర్ విడిభాగాల కిట్ కొనుక్కుని సీక్వెన్సర్‌ను స్వయంగా సోల్డరింగ్ చేసి తయారు చేసుకున్నాడు. 1983 మార్చిలో వచ్చిన ‘బ్లూ మండే’ అనే పాట, మేలో వచ్చిన ‘పవర్, కరప్షన్ అండ్ లైస్’ అనే ఆల్బమ్ ఆ పనితనం ఫలితాలే. పాట అట్టను సావిల్ కంప్యూటర్ ఫ్లాపీ ఆకారంలో, రంధ్రాలు కోసి చేశారు. దానికి ఎంత ఖర్చయిందంటే ఒక్కో కాపీ అమ్మితే నష్టమే వచ్చేదని ఫ్యాక్టరీవాళ్లే చెప్పుకొనేవారు. పాట లక్షల్లో అమ్ముడైంది! ఆల్బమ్ అట్ట మీద మాత్రం 1890 నాటి ఫ్రెంచి చిత్రం, ఫాంటాన్-లాటూర్ గీసిన గులాబీల బుట్ట. పక్కన చిన్న రంగు చతురస్రాలు. పేర్లు అక్షరాల్లో లేవు, ఆ రంగుల సంకేతంలో ఉన్నాయి. వెనుక ఉన్న రంగుల చక్రం చూసి విప్పుకోవాలి. పజిళ్లు ఇష్టమైనవాళ్లు ప్రయత్నించండి.

వినాలనుకునేవారికి ఒక మాట. ఫోను స్పీకరులో వింటే వీటిలో సగం పోతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని ముందు ‘అన్‌నోన్ ప్లెషర్స్’ మొదటి పాట వినండి. బేస్ ఎక్కడుంది, గిటార్ ఎక్కడుంది, వాటి మధ్య ఖాళీ ఎంత ఉంది గమనించండి. ‘క్లోజర్’ను మనసు తేలికగా ఉన్న రోజుకు ఉంచుకోండి. ఆ తర్వాత ఏడున్నర నిమిషాల ‘బ్లూ మండే’. డ్రమ్ మెషీన్ టకటకా మొదలవుతుంది, కాసేపటికి సింథసైజర్ స్వరాల వరుస వచ్చి చేరుతుంది. ఆ వరుస తాళంతో సరిగ్గా కలవదు, కొంచెం పక్కకు జరిగి నడుస్తుంది. కావాలని చేసిన ప్రయోగమని చాలామంది అనుకున్నారు. గిల్బర్ట్ ఆ స్వరాలన్నీ కాగితాల మీద రాసుకుని, ఆ కాగితాలను ఒకదానికొకటి అంటించి, ఒక్కొక్కటిగా యంత్రంలోకి ఎక్కించారు. మధ్యలో ఒక్క స్వరం జారిపోయింది. అలాగే విడుదల చేశారు.